కాటయానిక్ స్టార్చ్ డోస్ పెంచితే తేరిన నీళ్లు మళ్లీ మసకబారుతున్నాయి, ఎందుకు?

తేటనీరు (1వ రోజు)

అందరికీ నమస్కారం. మాది రాతి పలకలు కోసి పాలిష్ పట్టే యూనిట్. కోసేటప్పుడు బ్లేడు మీద పోసే నీళ్లు రాతిపొడితో కలిసి తెల్లటి బురదగా బయటికొస్తాయి. వాటిని తేర్చి మళ్లీ వాడుకోవాలి. ఇన్నాళ్లూ పాలీఅక్రిలమైడ్ అనే సింథటిక్ పాలిమర్ వాడాం. ఈమధ్య స్టార్చ్‌ను రసాయనికంగా మార్చి చేసే ఫ్లాక్యులెంట్ల (సన్నటి రేణువుల్ని ముద్దకట్టించి దించే మందుల) గురించి చదివాక, మా చిన్న ల్యాబ్‌లో కాటయానిక్ స్టార్చ్, అంటే ధనావేశం తగిలించిన స్టార్చ్, నేనే చేసి చూశాను. మొక్కజొన్న స్టార్చ్, కాస్టిక్ సోడా, క్లోరోహైడ్రాక్సీప్రొపైల్ ట్రైమిథైల్ అమ్మోనియం క్లోరైడ్. 50 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచాను. డీఎస్ (స్టార్చ్ గొలుసుకు ఆవేశపు గుంపులు ఎన్ని అతికాయో చెప్పే అంకె) 0.3 వచ్చి ఉంటుందని నా లెక్క.

మొదటి రోజు జార్ టెస్ట్ (వరుస జారుల్లో వేరువేరు డోసులు వేసి చూసే పరీక్ష) చూసి నాకే నమ్మకం కలగలేదు. 900 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే యూనిట్) ఉన్న నీళ్లు లీటరుకు 4 మిల్లీగ్రాముల డోస్‌తో 18కి దిగాయి. ఇంకొంచెం పోస్తే ఇంకా తేరుతాయనుకుని 8 పోస్తే 70 దగ్గర ఆగాయి. 16 పోసిన జారులో నీళ్లు అసలు తేరనే లేదు, మందు వెయ్యని జారులాగే తెల్లగా ఉన్నాయి.

రెండో చిక్కు ఇంకా విచిత్రం. పది రోజుల తర్వాత అదే సీసాలోని ద్రావణం, అదే 4 మిల్లీగ్రాములు వేస్తే 140 ఎన్‌టీయూ. మందులో మార్పు లేదు, నేను మార్చింది కూడా ఏమీ లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా? పై నెల నుంచి ట్యాంకులో వాడదామని ఒప్పించుకున్నాను, అందుకే టెన్షన్‌గా ఉంది.

ఆరుజార్లు

తేటనీరు గారూ, కొన్ని వివరాలు కావాలి. స్టాక్ ద్రావణం ఎంత శాతం? ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఎంతసేపు కలిపారు? సీసా ఎక్కడ పెట్టారు? రెండు రోజులూ వాడింది ఒకే నీళ్లా? పీహెచ్ ఎంత?

మొదటి చిక్కుకు మాత్రం ఇప్పుడే చెప్పగలను, అది డోస్ ఎక్కువవడమే. చేతిలో మందు ఉంటే ఇంకో చుక్క పోద్దామనిపిస్తుంది. పాలిమర్ విషయంలో ఆ చుక్కే కొంప ముంచుతుంది.

తేటనీరు

స్టాక్ 0.5 శాతం. 150 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం, 30 దగ్గర 15 నిమిషాలు, ఆపైన 20 నిమిషాలు కదపకుండా వదిలేశాను. పీహెచ్ 8 చిల్లర. సీసా బల్ల మీదే ఉంది, గది వేడిలో. నీళ్లు వేరువేరు రోజులవి, కానీ అదే కోత గుంట నుంచి తెచ్చినవే.

పాలిమర్_పాఠాలు

ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాల్సిన విషయం, ఓపిగ్గా చదవండి.

ముందు రాతిపొడి ఎందుకు దిగదో చూద్దాం. ఒక మైక్రాన్ వ్యాసం, నీటికి 2.65 రెట్ల సాంద్రత ఉన్న రేణువుకు స్టోక్స్ సూత్రం ప్రకారం లెక్క కడితే సెకనుకు 0.9 మైక్రాన్ల వేగం వస్తుంది. అంటే పది సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 31 గంటలు. అదే పది మైక్రాన్ల రేణువైతే వంద రెట్లు వేగంగా, 18, 19 నిమిషాల్లో దిగిపోతుంది. వేగం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కాబట్టి రేణువుల్ని ఒకదానికొకటి అతికించగలిగితే మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. అతుక్కున్న ముద్ద లోపల నీళ్లుంటాయి కనుక గట్టి రాయంత వేగం రాదు. అయినా తేడా చాలా పెద్దది.

వాటంతట అవి ఎందుకు అతుక్కోవంటే, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బంకమన్ను లాంటి వాటి ఉపరితలం నీళ్లలో రుణ విద్యుదావేశంతో ఉంటుంది. అన్నీ ఒకే ఆవేశం కాబట్టి దగ్గరికి రాగానే తోసుకుంటాయి. మీరు చేసిన స్టార్చ్ గొలుసు మీద క్వాటర్నరీ అమ్మోనియం గుంపులున్నాయి, అవి ధనావేశాలు. గొలుసు వెళ్లి రేణువు మీద పడుకోగానే అక్కడి రుణావేశం చల్లారుతుంది. తోపులాట తగ్గి రేణువులు అతుక్కుంటాయి. ఇంకా పోస్తే ఉపరితలమంతా పాలిమర్ కప్పేసి రేణువులన్నీ ధనావేశంలోకి తిరుగుతాయి. మళ్లీ తోపులాట మొదలు. మీ 16 మిల్లీగ్రాముల జారులో జరిగింది ఇదే. జీటా పొటెన్షియల్, అంటే రేణువు ఉపరితల ఆవేశాన్ని సూచించే అంకె, కొలిచే మీటర్ దొరికితే 4 దగ్గర సున్నాకు కాస్త అటూఇటూ, 16 దగ్గర ప్లస్‌లో కనిపిస్తుంది.

అయితే ఆవేశం చల్లారడం ఒక్కటే మార్గం కాదు. పొడవైన గొలుసు ఒక కొస ఒక రేణువు మీద, ఇంకో కొస మరో రేణువు మీద పడి వంతెన కడుతుంది. కొలాయిడ్ శాస్త్రంలో లా మెర్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఈ వంతెన ఆలోచనే. వంతెన కట్టాలంటే రెండో రేణువు మీద ఖాళీ జాగా ఉండాలి. డోస్ ఎక్కువైతే ఆ జాగా ఉండదు. అలా ఈ లెక్కన కూడా ఎక్కువ డోస్ చేటే. ఇక మూడోది, 1973లో గ్రెగరీ వివరించిన మచ్చల నమూనా. ఆవేశం బాగా దట్టంగా ఉన్న గొలుసు రేణువు మీద చదునుగా పరుచుకుని అక్కడక్కడ ధనావేశపు మచ్చలు వేస్తుంది. ఆ మచ్చలు పక్క రేణువు మీది ఖాళీ రుణ జాగాకు అతుక్కుంటాయి.

మీ స్టార్చ్ వీటిలో ఏ దారిన పనిచేస్తోందన్నది రెండు సంగతులను బట్టి ఉంటుంది: డీఎస్ ఎంత, గొలుసు ఎంత పొడవు మిగిలింది. డీఎస్ 0.3 అన్నారు కదా. కొలిచారా, లెక్క కట్టారా?

కొత్తవిద్యార్థి

సార్, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. డీఎస్ అంటే ఏమిటో, మామూలు స్టార్చ్‌నే ఉడికించి పోస్తే ఎందుకు పనిచెయ్యదో చెబుతారా? నా ప్రాజెక్టు ఇదే అంశం మీద.

పాలిమర్_పాఠాలు

స్టార్చ్ అంటే గ్లూకోజ్ పూసల దండ. ఒక్కో పూసకు మూడు హైడ్రాక్సిల్ గుంపులుంటాయి, 2, 3, 6 కార్బన్ల మీద. సగటున ఒక పూసకు ఎన్ని గుంపులు అతికించామన్నదే డీఎస్, డిగ్రీ ఆఫ్ సబ్‌స్టిట్యూషన్. గరిష్ఠం 3. డీఎస్ 0.3 అంటే పది పూసలకు మూడు ఆవేశాలు. కాగితం తయారీలో వాడే కాటయానిక్ స్టార్చ్ 0.02 నుంచి 0.05 దగ్గర ఉంటుంది. మసకనీళ్లు తేర్చడానికి సాధారణంగా అంతకంటే బాగా ఎక్కువ కావాలి.

మామూలు స్టార్చ్ చన్నీళ్లలో కరగదు, గింజలుగానే ఉండిపోతుంది. మొక్కజొన్నదైతే 62 నుంచి 72 డిగ్రీల మధ్య గింజ ఉబ్బి పగులుతుంది. ఉడికించి చల్లారిస్తే అందులోని అమైలోజ్, అంటే కొమ్మల్లేని నిలువు గొలుసులు, మళ్లీ పక్కపక్కన చేరి గట్టిపడతాయి. పైగా ఆవేశం లేదు కాబట్టి ఇసుక రేణువు దాన్ని దగ్గరికి తియ్యదు. ధనావేశం అతికిస్తే ఈ ఇబ్బందులన్నీ ఒకేసారి తగ్గుతాయి. గొలుసులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి గట్టిపడవు. డీఎస్ తగినంత ఉంటే చన్నీళ్లలోనే కరుగుతుంది.

గనిమనిషి

పాఠాలు గారూ, ఒక మాట. ఆవేశం లేకపోతే పనికిరాదన్నట్టు ఉంది మీ రాత. మా ఇనుప ఖనిజం వైపు వచ్చి చూడండి. కాస్టిక్‌తో ఉడికించిన మామూలు మొక్కజొన్న స్టార్చ్ హెమటైట్ మీద గట్టిగా అతుక్కుంటుంది, పక్కనే ఉన్న క్వార్ట్జ్‌ను ఆ స్థాయిలో పట్టుకోదు. అమెరికాలోని మిషిగన్‌లో టిల్డెన్ గని నడిచేది ఈ ఆసరాతోనే. సన్నటి ఇనుప రేణువులు స్టార్చ్‌తో ముద్దకట్టి దిగుతాయి, సిలికా బురద పైనుంచి పొర్లిపోతుంది. ఉపరితలం మీది ఇనుముతో స్టార్చ్‌కు రసాయనిక బంధమే ఉంది.

అల్యూమినా తీసే బేయర్ పద్ధతిలోనూ ఎర్రబురదను దించడానికి చాలాకాలం స్టార్చే వాడారు. తర్వాత సింథటిక్ పాలిమర్లు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి.

పాలిమర్_పాఠాలు

ఒప్పుకుంటున్నాను గనిమనిషి గారూ, నా వాక్యం మరీ ఒకవైపుకు వెళ్లింది. తేటనీరు గారి రాతిపొడిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఉపరితలం ఏమిటన్నదే మొదటి ప్రశ్న, మీరన్నది నిజం.

తేటనీరు (2వ రోజు)

డీఎస్ కొలవలేదండి, లెక్క కట్టాను. 162 గ్రాముల స్టార్చ్ ఒక మోల్ కదా, దానికి 0.3 మోల్ రియేజెంట్, 188 అణుభారం చొప్పున 56 గ్రాములు తూచి పోశాను.

ఆరుజార్లు

డబ్బా మీద చీటీ చూశారా? ఆ రియేజెంట్ పొడిగా రాదు, నీళ్లలో 60 నుంచి 65 శాతం ద్రావణంగా వస్తుంది.

తేటనీరు

ఇప్పుడే చూశాను. 65 శాతం. మొత్తం ద్రావణాన్నే 56 గ్రాములు తూచాను. అంటే అసలు సరుకు 36 గ్రాములే పడింది.

పాలిమర్_పాఠాలు

బాధపడకండి, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. లెక్క మళ్లీ చేద్దాం. 36.4 గ్రాములంటే 0.194 మోల్. మీ స్టార్చ్‌లో తేమ 12 శాతం అనుకుంటే ఎండు స్టార్చ్ 142.6 గ్రాములు, అంటే 0.88 మోల్. నిష్పత్తి 0.22 అయింది. అదీ మొత్తం అతుక్కోదు. కాస్టిక్ తగలగానే ఈ రియేజెంట్ ముందు ఇపాక్సైడ్‌గా మారుతుంది. అది స్టార్చ్‌తో కలవవచ్చు, లేదా నీళ్లతో కలిసి డయోల్‌గా మారి వృథా కావచ్చు. నీళ్లు ఎక్కువైతే, వేడి ఎక్కువైతే, కాస్టిక్ ఎక్కువైతే వృథా పెరుగుతుంది. వృథా అయిన డయోల్ కూడా మీ పొడిలోనే ఉండిపోతుంది, దానిలోనూ నైట్రోజన్ ఉంటుంది. అందుకే కొలిచే ముందు ఆల్కహాల్, నీళ్ల మిశ్రమంతో రెండు మూడుసార్లు కడగాలి. కడగకుండా కెల్డాల్ (నైట్రోజన్ శాతం కొలిచే పరీక్ష) చేస్తే లేని డీఎస్ ఉన్నట్టు కనిపిస్తుంది.

నైట్రోజన్ శాతం వచ్చాక సూత్రం ఇది: 162ను నైట్రోజన్ శాతంతో హెచ్చించండి. 1400 నుంచి, 151.6ను అదే శాతంతో హెచ్చించగా వచ్చినది తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

ఇంకొకటి, ముఖ్యమైనది. ఆ ఇపాక్సైడ్ ఒంటికి చాలా హానికరం. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట ఈ పని చెయ్యొద్దు.

సూక్ష్మజీవి

రెండో చిక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు. 0.5 శాతం స్టార్చ్ ద్రావణం, గది వేడిలో, పది రోజులు! అది సూక్ష్మజీవులకు సిద్ధంగా పెట్టిన మేత అండీ. గాలిలోంచి, సీసా అంచునుంచి, పిపెట్ మొననుంచి వచ్చి చేరతాయి. వాటి అమైలేజ్ ఎంజైమ్ గొలుసును మధ్య మధ్యలో కొరుకుతుంది.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. మధ్యలో ఒక్క కోత పడితే గొలుసు పొడవు సగమైపోతుంది, కానీ బరువూ ఆవేశమూ ద్రావణంలో అంతే ఉంటాయి. కాబట్టి తూకంలో, శాతంలో మీకేమీ తేడా కనబడదు. పోయేది వంతెన కట్టే శక్తి.

సీసా మూత తీసి వాసన చూడండి. పీహెచ్ చూడండి. తర్వాత ఒకే పిపెట్‌తో పాత ద్రావణం, ఈరోజు కొత్తగా కలిపినది, రెండూ ఎన్ని సెకన్లలో కారుతున్నాయో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. గొలుసులు తెగి ఉంటే పాతది నీళ్లలా జారిపోతుంది.

తేటనీరు (4వ రోజు)

చెప్పినట్టే చేశాను. పాత సీసా మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. అడుగున దూది పింజలాంటిది తేలుతోంది, ఇన్నాళ్లూ అది కరగని స్టార్చ్ అనుకున్నాను. పీహెచ్ 6.8 ఉండాల్సింది 4.9 ఉంది. పిపెట్‌లో కొత్త ద్రావణం కారడానికి 61 సెకన్లు, పాతది 38. ఉత్త నీళ్లకు 30 పట్టింది. అదే పొడితో కొత్తగా కలిపి జార్ టెస్ట్ చేస్తే పాత నీళ్లలో మళ్లీ 19 ఎన్‌టీయూ. రెండో చిక్కు విడిపోయింది, సూక్ష్మజీవి గారికి చాలా చాలా ధన్యవాదాలు.

కడిగిన పొడిని తెలిసిన ల్యాబ్‌లో కెల్డాల్ చేయించాను. నైట్రోజన్ 1.1 శాతం. సూత్రంలో వేస్తే డీఎస్ 0.14. నేను 0.3 అనుకుంటూ తిరిగింది అందులో సగం.

ఈసారి సరిగ్గా తూచి 0.3 చేస్తాను.

ప్లాంట్_షిఫ్ట్_బీ

మంచి పని చేస్తున్నారు, ఆపమని అనను. కానీ ట్యాంకు దగ్గర నిలబడేవాడిగా కొన్ని మాటలు చెప్పాలి. నేను ఇరవై ఏళ్లుగా వ్యర్థజలాల ప్లాంటులో ఉన్నాను.

పాలీఅక్రిలమైడ్‌ను జనం ఊరికే వాడటం లేదు. దాని అణుభారం కోటి దాకా వెళ్తుంది, నిలువు గొలుసు. లీటరుకు అర మిల్లీగ్రాముతోనే గోరంత ముద్దలు కడతాయి, కళ్లముందే దిగిపోతాయి. మీ స్టార్చ్ ముద్ద గసగసాలంతే ఉంటుంది, నెమ్మదిగా దిగుతుంది. క్లారిఫయర్, అంటే నీళ్లు తేర్చే ట్యాంకు, చిన్నదైతే ఆ తేడాకే నీళ్లు పొర్లుతాయి.

దాని మీద భయం మోనోమర్ గురించి, అంటే పాలిమర్ గొలుసు కట్టే విడి అణువు గురించి. పాలిమర్ విషం కాదు, అందులో మిగిలిపోయే అక్రిలమైడ్‌తోనే సమస్య. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దాన్ని 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మార్గదర్శక పరిమితి లీటరుకు 0.5 మైక్రోగ్రాము. అమెరికా నిబంధన కూడా లెక్కకు అక్కడికే వస్తుంది: 0.05 శాతం మోనోమర్ ఉన్న పాలిమర్‌ను లీటరుకు ఒక మిల్లీగ్రాము వేస్తే అదే 0.5 మైక్రోగ్రాము. తాగునీళ్లకైతే ఇది పెద్ద విషయమే. మీ కోత నీళ్లు ఎవరూ తాగరు కదా?

ఇక స్టార్చ్ ప్రకృతిలో కలిసిపోతుందన్న మాట. కలిసిపోతుంది, కానీ ఆక్సిజన్ తిని కలిసిపోతుంది. ఒక గ్రాము స్టార్చ్ పూర్తిగా ఆక్సీకరణం కావడానికి 1.18 గ్రాముల ఆక్సిజన్ కావాలి. లీటరుకు 10 మిల్లీగ్రాములు నీళ్లలో మిగిలితే సీఓడీ (నీళ్లలోని పదార్థం ఆక్సీకరణకు అడిగే ఆక్సిజన్) 12 పెరిగినట్టే. మీది తిప్పి వాడే నీళ్లు. రోజూ కొంచెం మిగులుతూ పోతే గొట్టాల లోపల జిగురుపొర కడుతుంది. సీసాలో చూసిన దూది పింజ గొట్టంలోనూ పెరుగుతుంది.

తేటనీరు

మీ మాట కాదనను సార్. కానీ మా మడ్డిని చివరికి నేల మీదే పోస్తాం. అందులో ఏళ్ల తరబడి విరగని పాలిమర్ ఉండటం నాకు నచ్చలేదు, అక్కడే మొదలైంది ఈ ప్రయత్నం. మోనోమర్ కోసం కాదు. జిగురుపొర సంగతి మాత్రం నేను ఆలోచించలేదు, రాసిపెట్టుకున్నాను. డోస్ తక్కువగా, రేణువులకు సరిపడా ఉంటే దాదాపు అంతా మడ్డితో పాటే దిగిపోదా?

ప్లాంట్_షిఫ్ట్_బీ

దిగిపోతుంది. అందుకే ఎక్కువ డోస్ వెయ్యొద్దని అందరూ చెప్తున్నది. ఇంకో మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పాలీఅక్రిలమైడ్ నిలువు గొలుసు, సెంట్రిఫ్యూగల్ పంపులో పడితే పుటుక్కున తెగుతుంది. స్టార్చ్‌లో అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, ఆ రాపిడిని బాగా తట్టుకుంటుంది. పంపు దాటాక కూడా ముద్ద మిగులుతుంది.

కొత్తవిద్యార్థి

రెంటినీ కలిపితే? స్టార్చ్ మీద పాలీఅక్రిలమైడ్ కొమ్మలు అంటుకట్టడం గురించి చదువుతున్నాను. సీరిక్ లవణంతో చేస్తారట.

పాలిమర్_పాఠాలు

అవును, గ్రాఫ్టింగ్. 1958లో మినో, కైజర్‌మన్ సీరిక్ అయాన్లతో ఈ దారి చూపించారు. సీరిక్ అయాన్ స్టార్చ్ గొలుసు మీదే ఫ్రీ ర్యాడికల్ పుట్టిస్తుంది, అక్కడినుంచి అక్రిలమైడ్ కొమ్మ పెరుగుతుంది. నైట్రోజన్ వాయువు పంపి ఆక్సిజన్‌ను వెళ్లగొట్టకపోతే ర్యాడికల్ చచ్చిపోతుంది, ప్రయోగం పోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఖరగ్‌పూర్ ఐఐటీలో ఆర్.పి. సింగ్ బృందం చాలా ఏళ్లు దీనిమీద పనిచేసింది. వాళ్లు చెప్పినది నాకు చాలా ఇష్టమైన ఆలోచన: గట్టి పాలీశాకరైడ్ వెన్నెముక మీద వేలాడే కొమ్మలు నీళ్లలో చేతులు చాచినట్టుంటాయి, రేణువుకు సులువుగా అందుతాయి. పొట్టి కొమ్మలు చాలా ఉండటం కన్నా పొడవాటి కొమ్మలు కొన్ని ఉంటే మేలు. ఆచరణలో అంటే సీరిక్ లవణం తక్కువ వెయ్యాలి. తక్కువ చోట్ల మొదలవుతాయి, ఒక్కొక్కటీ పొడవుగా పెరుగుతుంది. ఫలితాన్ని ఇంట్రిన్సిక్ విస్కాసిటీతో (పాలిమర్ ద్రావణాన్ని ఎంత చిక్కబరుస్తుందో చెప్పే కొలతతో) పోల్చి చూడండి. అది పెరిగితే ఫ్లాక్యులేషన్ కూడా సాధారణంగా మెరుగవుతుంది.

ఒక్క జాగ్రత్త. కొమ్మగా అతుక్కోకుండా విడిగా పెరిగిన పాలీఅక్రిలమైడ్‌ను కడిగి తీసేయకపోతే, పనిచేస్తున్నది మీ గ్రాఫ్టో, ఆ విడి పాలిమరో మీకే తెలియదు.

ప్లాంట్_షిఫ్ట్_బీ

అందులోనూ మిగిలిపోయిన మోనోమర్ కొలవాలి మరి. పేరులో స్టార్చ్ ఉందని వదిలేయకూడదు.

పాలిమర్_పాఠాలు

తప్పకుండా కొలవాలి. నూటికి నూరుపాళ్లు నిజం.

ఆరుజార్లు

తేటనీరు గారు కొత్త బ్యాచ్ చేసేలోపు జార్ టెస్ట్ గురించి నాలుగు మాటలు. అంకె ఒక్కటే చూస్తే సగం సమాచారం పోతుంది, జారులోకి కళ్లు పెట్టి చూడాలి.

స్టాక్‌ను 0.1 శాతానికి పలుచన చేసుకోండి. అప్పుడు లీటరు జారులో ఒక మిల్లీలీటరు పోస్తే సరిగ్గా లీటరుకు ఒక మిల్లీగ్రాము. చిక్కటి స్టాక్ ఒకే చోట పడితే అక్కడి రేణువులు ఎక్కువ డోస్ తినేస్తాయి, దూరంగా ఉన్నవి ఖాళీగా మిగులుతాయి. పొడిని కలిపేటప్పుడు సుడి అంచు మీద కొంచెం కొంచెంగా చల్లండి. గుప్పెడు ఒకేసారి వేస్తే పైన జిగురు, లోపల పొడి ఉన్న ఉండలు కడతాయి, అవి గంటైనా కరగవు.

ఇప్పుడు చూడాల్సింది. నిదానంగా తిప్పడం మొదలైన మొదటి రెండు నిమిషాల్లో నీటి తెలుపు మారుతుంది. వెలుతురుకు ఎదురుగా పెడితే ముందు సన్నటి రవ్వలా, తర్వాత రవ్వల మధ్య నల్లగా తేటనీళ్ల సందులు కనబడతాయి. ఆ సందులు ఏ జారులో ముందు కనబడతాయో రాసుకోండి. తిప్పడం ఆపాక ముద్దలు నిలువుగా దిగుతున్నాయా, పక్కలకు కొట్టుకుపోతున్నాయా చూడండి. చివర్లో, తేరాక, మళ్లీ 150 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం తిప్పి మళ్లీ వదలండి. ముద్ద గట్టిదైతే మళ్లీ కూడి దిగుతుంది. లేదంటే పొడిపొడి అయిపోతుంది. ఈ చివరి పరీక్ష చాలామంది చెయ్యరు, ప్లాంటులో పంపు దాటాక ఏమవుతుందో చెప్పేది ఇదే.

తేటనీరు (11వ రోజు)

కొత్త బ్యాచ్ వచ్చింది. కడిగాక నైట్రోజన్ 1.9 శాతం, డీఎస్ 0.28. పాత 0.14, కొత్త 0.28, రెంటినీ అదే రోజు ఉదయం కలిపి, ఒకే డ్రమ్ములోని నీళ్లమీద పక్కపక్కన పెట్టాను.

0.28 ది లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గరే 9 ఎన్‌టీయూకి దించింది. గాజులా ఉన్నాయి నీళ్లు. కానీ 3 దగ్గర 30, 4 దగ్గర 150. ముద్దలు సన్నగా ఉన్నాయి. మళ్లీ తిప్పితే పొడైపోయాయి, అయితే వదలగానే మళ్లీ కూడాయి.

0.14 ది 4 దగ్గర 18. అయితే 3 నుంచి 6 వరకూ ఎక్కడ వేసినా 25 దాటలేదు. ముద్దలు పెద్దవి, కాస్త మెత్తగా, దూదిలా. మళ్లీ తిప్పినా చాలావరకు నిలిచాయి.

నేను పొరపాటున తక్కువ డీఎస్ చేసి, అది తప్పని సరిచేసుకోవడానికి వారం కష్టపడ్డాను. ఇప్పుడు ఏది మంచిదో తెలియడం లేదు.

పాలిమర్_పాఠాలు

ఎంత చక్కటి ఫలితమండీ ఇది! నా మొదటి పోస్టులో చెప్పిన మూడు దారుల్లో రెండు మీ బల్ల మీద పక్కపక్కన కనిపించాయి. 0.28 దగ్గర గ్రాముకు ఆవేశం సుమారు 1.4 మిల్లీఈక్వివలెంట్లు. గొలుసు రేణువు మీద చదునుగా పడుకుంటుంది, మచ్చలు వేస్తుంది, కొంచెం ఎక్కువైనా తిరగబడుతుంది. 0.14 దగ్గర 0.8 లోపే. గొలుసు వదులుగా, ఉచ్చులు ఉచ్చులుగా బయటికి నిలబడి ఉంటుంది, వంతెనలు కడుతుంది. ఆవేశం మెల్లగా నిండుతుంది కాబట్టి మీకు తప్పు చేసే జాగా ఎక్కువ. క్వాటర్నరీ గుంపు కాబట్టి పీహెచ్ కాస్త అటూఇటూ అయినా రెండింటి ఆవేశమూ మారదు, అది ఇద్దరికీ సమానమే.

ప్లాంట్_షిఫ్ట్_బీ

నన్నడిగితే 0.14. కళ్లు మూసుకుని చెప్తాను. మీ గుంటలోకి వచ్చే బురద గంటకోలా ఉంటుంది. రెండు యంత్రాలు నడిచినప్పుడు ఒకలా, ఐదు నడిచినప్పుడు ఇంకోలా. 2 దగ్గర అద్భుతంగా ఉండి 4 దగ్గర పాడైపోయే మందును రాత్రి షిఫ్టులో ఎవరు కాపలా కాస్తారు? బ్లేడు మీద పొయ్యడానికి 9 ఎన్‌టీయూ అక్కర్లేదు, 25 చాలు.

గనిమనిషి

ఏ రాయి కోస్తున్నారో కూడా చూసుకోండి తేటనీరు గారూ. గ్రానైటా, పాలరాయా? గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అంటే రుణావేశం. పాలరాయి కాల్సైట్. దాని ఉపరితల ఆవేశం నీళ్లలో కరిగిన కాల్షియం, కార్బొనేట్‌లను బట్టి మారుతుంది, సున్నా దగ్గరో ప్లస్‌లోనో ఉండొచ్చు. అప్పుడు మీ కాటయానిక్ స్టార్చ్‌కు పట్టు దొరకదు. పైగా తిప్పి వాడే కొద్దీ నీళ్లలో గట్టిదనం పెరుగుతుంది, లవణాలు ఎక్కువైతే ఆవేశపు పట్టు సడలి గొలుసు ముడుచుకుపోతుంది.

సూక్ష్మజీవి

ఉప్పు సంగతి నిజం. నాచు కణాలను దించడానికి కాటయానిక్ స్టార్చ్ మంచినీటి నాచులో చక్కగా పనిచేస్తుంది, సముద్రపు నీళ్లలో చేతులెత్తేస్తుంది. ఒకే మందు, నీళ్లే వేరు.

తేటనీరు (15వ రోజు)

గనిమనిషి గారూ, మీరు అడిగాక కోత రిజిస్టర్ తీసి చూశాను. మేం రెండూ కోస్తాం. మంగళవారం దాకా గ్రానైట్, బుధవారం నుంచి పాలరాయి. గుంట ఒక్కటే. నా మొదటి పరీక్షలన్నీ గ్రానైట్ రోజులవే.

నిన్న పాలరాయి నీళ్లమీద 0.14 స్టార్చ్ వేశాను. డోస్ వెయ్యని జారే మామూలుకంటే త్వరగా తేరింది. 1.5 మిల్లీగ్రాముల దగ్గర 22 ఎన్‌టీయూ. మామూలుగా వేసే 4 వేస్తే 90. ఇదే తెలియకుండా ట్యాంకులో రోజూ 4 వేసి ఉంటే వారంలో సగం రోజులు నీళ్లు పాడుచేసేవాణ్ని.

కొత్తవిద్యార్థి

పాలరాయి రోజుల్లో రుణావేశం ఉన్న స్టార్చ్, కార్బాక్సీమిథైల్ లాంటిది, వేసి చూస్తారా? నీళ్లలో కాల్షియం ఉంది కదా, కార్బాక్సిల్ గుంపుకూ కాల్సైట్‌కూ మధ్య అదే పట్టు ఇస్తుందేమో.

పాలిమర్_పాఠాలు

మంచి ప్రశ్న వేశావమ్మా, అది తప్పకుండా చెయ్యదగ్గ ప్రయోగం. మోనోక్లోరోఎసిటేట్‌తో కార్బాక్సీమిథైల్ స్టార్చ్ చెయ్యడం దీనికంటే కష్టం కాదు. నువ్వే చేసి తేటనీరు గారికి కొంచెం పంపరాదూ?

తేటనీరు

పంపితే మా డ్రమ్ములు సిద్ధం. ప్రస్తుతానికి రెండు డోసింగ్ డబ్బాలు పెట్టాను, గ్రానైట్ రోజుకు ఒక గుర్తు, పాలరాయి రోజుకు ఒక గుర్తు. స్టార్చ్ ద్రావణం ఏ రోజుకారోజు ఉదయం కలుపుతున్నాం, సాయంత్రం మిగిలింది గుంటలోకి కాకుండా మడ్డి ఆరబెట్టే చోట పోస్తున్నాం. సోమవారం నుంచి చిన్న ట్యాంకులో నడుపుతాను. మడ్డి ఎంత త్వరగా ఆరుతోందో కొలిచి ఇక్కడే పెడతాను.